విల్లుకు చెక్క ఎంచుకోవడం ఎలా? వీపుకు ఏం అతికించాలి?

విల్లు విరిగితే చాలామంది చెక్క రకాన్ని తిడతారు. చాలాసార్లు తప్పు దాని చారల్లో, అంటే చెక్క పోగులు నడిచే దారిలో ఉంటుంది. నారి లాగినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, దాన్ని వీపు అందాం. మన వైపు ముఖం నొక్కుకుపోతుంది, అది పొట్ట. వీపు మీద పోగులు ఈ చివరి నుంచి ఆ చివరికి తెగకుండా ఉంటే మామూలు కర్రైనా నిలుస్తుంది. ఎక్కడ ఏటవాలుగా పక్కకు జారిపోతాయో అక్కడే మొదటి పెచ్చు లేస్తుంది.

మొదటి విల్లు 66 నుంచి 70 అంగుళాల పొడవుతో, 30–35 పౌండ్ల బిగువుకు (నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలం) మించకుండా చేసుకోండి. కింది కొలతలన్నీ 28 అంగుళాలు లాగే మనిషికి.

1. కర్ర ఎంపిక

కొత్తవాళ్లకు వెదురే నయం. విల్లంతా దానితోనే చేయాలంటే లోపల బోలు తక్కువుండే ‘సాధనం వెదురు’ అనే రకం తీసుకోండి. గోడ మందం కనీసం 12 మి.మీ. ఉండాలి, బొంగు వయసు మూడేళ్లు దాటాలి. లేతదైతే నిగనిగలాడుతుంది, కణుపుల దగ్గర పొరలు అంటుకుని ఉంటాయి. ముదిరితే రంగు మందగించి, పైన బూజు మచ్చలు కనిపిస్తాయి. వెదురులో బలమంతా పైపొట్టు కిందే ఉంటుంది కాబట్టి చెక్కడం లోపలి వైపు నుంచే. బయట కణుపు ఎత్తుగా ఉంది కదా అని చదును చేస్తే అక్కడే పగులుతుంది.

చెక్కల్లో బండి కాడికీ, గొడ్డలి పిడికీ వాడే తడ చెట్టు చెక్క మంచి సాగుదల ఉన్నది. తిన్నని ముక్క దొరికితే మల్బరీ కూడా బాగుంటుంది. తీరంలో దొరికే సరుగుడు బలమైనదే గానీ ఆరేటప్పుడు విపరీతంగా పగుళ్లిస్తుంది. టేకు దొరకడం తేలికే, అయితే పెళుసు. పైగా దానిలోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. వేపలో పోగులు అల్లుకుని ఉంటాయి, వదిలేయండి. అడవిలో చెట్టు కొట్టే పని పెట్టుకోవద్దు. అడితిలో కొన్నా, పొలం గట్టున సొంత చెట్టు నుంచి తీసుకున్నా చాలు.

2. చారలు చదవడం

6 అడుగుల పొడవు, 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకను తడిగుడ్డతో తుడవండి, చారలు తేలతాయి. ఒక చార మీద పెన్సిల్ పెట్టి చివరిదాకా వెళ్లండి. తర్వాత పక్క ముఖం మీద కూడా అలాగే చూడండి. చాలామంది ఇదే మర్చిపోతారు. కొసల దగ్గర ఒకటీ రెండూ తప్పుకుంటే సరే, వంగే భాగంలో తప్పుకుంటే పలక వెనక్కి ఇచ్చేయండి. ముడి ఉన్నా అంతే. అనుమానముంటే చివర వృథా ముక్కను ఉలితో చీల్చండి. చీలిక తిన్నగా దిగితే కొనండి. మెలి తిరిగితే పైకి చారలు ఎంత అందంగా ఉన్నా లోపలి పోగులు వేరే దారిలో ఉన్నట్టే.

3. ఆరబెట్టడం

పచ్చి కర్ర అయితే కోసిన రోజే రెండు కొసలకూ పెయింటు గానీ జిగురు గానీ దట్టంగా పూయండి, లేకపోతే కొసల నుంచి పగుళ్లు పాకుతాయి. నీడలో పెట్టి వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆ చోటి గాలికి సరిపడా ఆరినట్టు. విల్లుకు 8–10 శాతం తేమ కావాలి. ఇక్కడ ఊరు తేడా చూపిస్తుంది. వానాకాలం కాకినాడలో ఆరిన కర్రలో తేమ ఎక్కువ మిగిలి, విల్లు లాగిన వంపులోనే ఉండిపోతుంది. మే నెల రామగుండంలో అదే కర్ర మరీ ఎండి పెళుసై విరుగుతుంది. అక్కడైతే లోపలి గదిలో, ఎండ తగలని మూల ఉంచండి.

4. వీపుకు పట్టీ

వీపుకు అతికించే పట్టీ, చారలు చెడిన చెక్కను బాగుచేయదు. చిన్న పెచ్చు లేవకుండా అదిమి పెడుతుంది, అంతే.

పట్టు గుడ్డ గానీ నార బట్ట గానీ పలచటి పట్టీకి చాలు. నూలు గుడ్డ ఎక్కువ సాగుతుంది, అంతగా పనిచేయదు. ఇంకా గట్టిది కావాలంటే డప్పులకు వాడే పచ్చి మేకతోలు. గంట, రెండు గంటలు నీళ్లలో నానబెట్టి, తోలుకూ విల్లు వీపుకూ తెల్ల జిగురు రాసి పరిచి, గుడ్డ పట్టీతో చుట్టండి. పొడవు చాలకపోతే పట్టుకునే చోట రెండు ముక్కలు ఒకదాని మీదొకటి వచ్చేలా అతికించవచ్చు. మూడో రోజు చుట్టు విప్పినా, వంచడానికి ఇంకో వారం ఆగండి.

వెదురు బద్ద పట్టీ బలానికి బలం. దీనికి లావు బొంగుండే ముళ్ల వెదురు కావాలి, సన్నబొంగు బద్ద మరీ వంకరగా వస్తుంది. మధ్యలో 3 మి.మీ., కొసల్లో 2 మి.మీ. మందానికి తీసి, అతికే ముఖాలను 60 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు రాసి, రెండు అంగుళాలకో క్లాంపు (బిగించే పట్టు) వేయండి. మరీ బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది. మామూలు తెల్ల జిగురు ఎండకు మెత్తబడుతుంది, దీనికి పనికిరాదు.

ఈ పట్టీకో చిక్కుంది. సాగడంలో వెదురుకు ఉన్న బలం పొట్ట చెక్కకు నొక్కుడు తట్టుకోవడంలో లేకపోతే పొట్ట చితుకుతుంది. గాజు పీచు అతికించినా ఇదే జరుగుతుంది. అందుకే పక్కలను ఏటవాలుగా చెక్కి, వీపును పొట్ట కన్నా సన్నగా చేస్తారు. పొట్ట మీద గోటితో గీసినట్టు అడ్డగీతలు కనిపించాయంటే ఆ చోటు ఎక్కువగా వంగుతోందన్నమాట. అవి మళ్లీ మానవు. ఆ చోట ఇక గీకకుండా, దాని అటూ ఇటూ వంగని భాగాల్లోనే పొట్ట వైపు కొద్దికొద్దిగా గీకుతూ వంపును పంచండి. బిగువు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.