అక్టోబరు తుపానులకి ముందు కీచురాళ్ళ టబ్బు జాగ్రత్తలు

వినాయక చవితి వెళ్ళిందంటే బరంపురంలో మా కళ్ళు ఆకాశం మీదికీ, ఇన్వర్టరు బ్యాటరీ మీదికీ పోతాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లా కొండల మీద విరుచుకుపడింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. దసరా ముందో వెనకో ఇంకోటి రాదని ఒడిశాలోని ఈ గంజాం జిల్లాలో ఎవరూ అనుకోరు. బియ్యం, కొవ్వొత్తులు, మందులు సర్దుకోవడం అందరికీ అలవాటే. ఇంట్లో బల్లిజాతి ప్రాణిని పెంచుతూ దాని మేతకని కీచురాళ్ళని కూడా పెంచుతున్న వాళ్ళు ఇంకో సర్దుబాటు చేసుకోవాలి, అదీ ఇప్పుడే, ఎండ కాస్తున్న ఈ పది పదిహేను రోజుల్లోనే.

మా ఇంట్లో ఉన్నది బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియాలోని ఎండు నేలల జీవి, మన పెరటి తొండకి దగ్గర చుట్టం. మా అమ్మాయి దాన్ని బంగారి అంటుంది, వీధిలో పిల్లలు ఆస్ట్రేలియా తొండ అంటారు. దానికోసం రెండు టబ్బుల్లో కీచురాళ్ళు పెంచుతున్నాం. మా మామ్మ మాటలో ఇలకోళ్ళు, పక్కింటి ఒడియా మావుసీ మాటలో ఝింకారి. కీచురాయికి బూజు పట్టిన తవుడు పెడితే, దోమల మందు తగలనిస్తే, రెండో రోజుకి అది బంగారి కడుపులో ఉంటుంది. అందుకే టబ్బు జాగ్రత్తని నేను పురుగుల జాగ్రత్త అనుకోను, మా అమ్మాయి ప్రాణంగా చూసుకునే ఆ జీవి కంచం జాగ్రత్త అనుకుంటాను.

ముందు తేమ సంగతి. చాలామంది వానాకాలంలో చలికి భయపడతారు. 28 నుంచి 32 డిగ్రీల వేడిలో కీచురాయి హాయిగా తిని, పెరిగి, గుడ్లు పెడుతుంది. బరంపురం గదుల్లో అక్టోబరులో కూడా దాదాపు ఆ వేడి ఉంటుంది, కాస్త తగ్గినా ఎదుగుదల నెమ్మదిస్తుందే గానీ చచ్చిపోదు. దాన్ని చంపేది గాలాడని తడి. పోయిన శ్రావణంలో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. జల్లు కొడుతోందని టబ్బు మూత మీద మందపాటి తువ్వాలు కప్పాను. ఐదో రోజు తెల్లారకుండానే మెలకువ వచ్చింది, ఎందుకో తెలీలేదు. కాసేపటికి తట్టింది, ఇంట్లో కూత లేదు. మగవి రెక్కలు రాసుకుంటూ రాత్రంతా చేసే ఆ చప్పుడుకి మా చెవులు అంతగా అలవాటుపడ్డాయి.

మూత తియ్యగానే కళ్ళు మండేలా అమోనియా ఘాటు కొట్టింది. అవి దాక్కోవడానికి టబ్బులో పెట్టిన కోడిగుడ్ల అట్టలు ఎత్తితే కిందివైపు వేలు దిగబడేంత మెత్తబడ్డాయి. అంచుల్లో తెల్లటి బూజు. నల్లటి ఇసుకలా పొడిపొడిగా ఉండే రెట్ట బురదలా ముద్దకట్టింది. అందులో వెల్లకిలా పడి కాళ్ళు ముడుచుకున్నవి వందకి పైనే. బతికి ఉన్నవన్నీ అట్టల పైఅంచుకి ఎక్కి మీసాలు ఆడిస్తూ కూర్చున్నాయి. నేను కప్పిన తువ్వాలే వాటి కొంప ముంచింది.

అప్పటినుంచి టబ్బు మీద ఏదీ కప్పను. మూతలో అరచేతి కన్నా పెద్ద కిటికీ ఒకటి, పక్క గోడలో ఎత్తు మీద ఇంకోటి కోయించి స్టీలు జాలీ బిగించాను. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోవాలి. నైలాన్ దోమతెర అతికిస్తే రెండు వారాల్లో కొరికేస్తాయి, దాని మీద డబ్బు పెట్టొద్దు. జల్లు కొట్టే కిటికీ నుంచి టబ్బునే దూరంగా జరపండి. నేల మీద కాకుండా స్టాండు మీదో బల్ల మీదో పెట్టండి. వీధిలో మోకాలు లోతు నీళ్ళు నిలిచే ఇళ్ళయితే ఇంకా పైకి. గుడ్ల అట్టలు పడుకోబెట్టకుండా నిలువుగా పేర్చితే రెట్ట కిందికి రాలిపోతుంది, అట్ట తడవదు. ముసురులో అట్టలు గాలిలో తేమనే పీల్చేస్తాయి కాబట్టి ఇప్పుడే ఓ ఇరవై అట్టలు గట్టి ఎండలో రెండు రోజులు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి బీరువా మీద దాచుకోండి. వానల్లో మూడు రోజులకోసారి రెట్ట ఊడ్చి, మెత్తబడ్డ అట్ట తీసి ఎండుది పెట్టాలి. చచ్చినవాటిని ఏ రోజువి ఆ రోజే ఏరెయ్యాలి, లేకపోతే మిగతావి వాటినే తింటాయి.

నీళ్ళ గిన్నె అసలు వద్దు. పిల్ల కీచురాయి చుక్క నీళ్ళలో కూడా మునిగిపోతుంది. క్యారెట్ ముక్క, గుమ్మడి ముక్క, బీరకాయ చెక్కు వేస్తే నీళ్ళూ అందుతాయి, మేతా అవుతుంది. పొద్దున్న వేసింది సాయంత్రం తీసెయ్యాలి. ముసురు రోజుల్లో సగమే వెయ్యండి. పురుగుమందు భయం ఉంది కాబట్టి ఏ కూరైనా నీళ్ళలో నానబెట్టి, కడిగి, వీలైతే చెక్కు తీసి పెట్టాలి. మా పెరటి మునగాకు నాకు అన్నిటికన్నా ధైర్యం. దాంట్లో కాల్షియం దండిగా ఉంటుంది, మందు కొట్టింది కాదని నాకు తెలుసు. పొడి మేతకి తవుడు, రాగిపిండి, కోడిపిల్లల దాణా కలుపుతాను. దాణా లేకపోతే మాంసకృత్తులు చాలక ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. తవుడు వానల్లో తొందరగా ఉండలు కడుతుంది, బూజు వాసన వస్తుంది. ఒకేసారి ఐదు కిలోలు కొనకండి. కిలో తెచ్చి, దోరగా వేయించి, చల్లార్చి స్టీలు డబ్బాలో గట్టిగా మూత పెట్టండి. వేరుశెనగ చెక్క మాత్రం ఈ కాలంలో నేను ముట్టుకోను, దానికి పట్టే బూజు విషం కంటికి కనబడదు.

గుడ్ల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. పెరుగు కప్పులో తడిపి పిండిన కొబ్బరి పొట్టు రెండంగుళాల లోతు నింపి పెడితే, వెనక సూదిలాంటి గొట్టం ఉన్న ఆడవి అందులో గుచ్చి పెడతాయి. 30 డిగ్రీల దగ్గర పది నుంచి పద్నాలుగు రోజుల్లో పిల్లలు, ఇంకో ఆరు నుంచి ఎనిమిది వారాలకి పెద్దవి. లెక్క వెనక్కి వేసుకోండి. దసరాకి పరిమాణంలో అన్ని రకాలూ ఉండాలంటే ఒకే కప్పు సరిపోదు. వారానికొకటి చొప్పున మూడు నాలుగు కప్పులు, ప్రతి దాని మీదా తారీఖు రాసి పెట్టాలి. రెండు టబ్బులూ ఒకే గదిలో ఉంచొద్దు. ఒకదానికి జరిగింది ఇంకోదానికి జరగకూడదు. ఇంక కీచురాళ్ళని బయటినుంచి తెప్పించుకోవడం గురించి. తుపాను హెచ్చరిక పడితే మన హౌరా-చెన్నై లైనులో రైళ్ళు ఆగిపోతాయి, డబ్బాలో వచ్చే పురుగులు దారిలోనే చస్తాయి. కావలిస్తే ఇప్పుడే తెప్పించండి, తెచ్చినవాటిని రెండు వారాలు వేరే ఉంచండి. కీచురాళ్ళకి డెన్సోవైరస్ అని ఒక జబ్బుంది, 2010 ప్రాంతంలో ఉత్తర అమెరికాలో పెద్ద పెద్ద పెంపక కేంద్రాలనే ఖాళీ చేయించింది.

ఇంక విషాలు. నాకు అన్నిటికన్నా భయం వీటి గురించే, ఎందుకంటే ఇవి చెడ్డ మనసుతో ఎవరూ తెచ్చేవి కావు. వానల తరవాత దోమలు, చీమలు ఇల్లంతా. రెండేళ్ళ కిందట ఓ సాయంత్రం మా అత్తయ్యగారు స్టాండు కింద చీమల బారు చూసి, పాపం, నేల మీద చాక్‌పీసు గీత గీశారు. ఎన్నో ఏళ్ళుగా వంటింట్లో గీసే గీతే. "ఏటమ్మా, చీమలు నీ ఇలకోళ్ళని పట్టుకుపోతన్నాయి" అని నాకు చెప్పారు కూడా. గీత పొడి చీపురుకి అంటింది, అదే చీపురుతో మర్నాడు టబ్బు ఊడ్చాం. సాయంత్రానికి కీచురాళ్ళు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటూ వణుకుతున్నాయి. ఆ చాక్‌పీసులో ఉండేది పురుగులని చంపే మందే, అది చీమనీ కీచురాయినీ వేరుగా చూడదు. ఆ టబ్బులో బతికున్నవాటిలో ఒక్కటి కూడా బంగారికి పెట్టలేదు. అన్నీ సంచిలో మూతి కట్టి పారేశాం, పక్కింటి కోళ్ళకి కూడా వెయ్యలేదు. టబ్బు సబ్బుతో మూడుసార్లు కడిగి ఎండలో పెట్టాం. అట్టలు కాల్చకుండా చెత్తలోనే వేశాం.

కాబట్టి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ముందే చెప్పండి. టబ్బులున్న గదిలో దోమల చక్రం, ప్లగ్గుకి పెట్టే దోమల సీసా, బొద్దింకల స్ప్రే, కలరా ఉండలు, చీమల చాక్‌పీసు, ఒకటీ వద్దు. ఆ గదికి వేరే చీపురు పెట్టండి. చీమలకి స్టాండు నాలుగు కాళ్ళూ నీళ్ళ గిన్నెల్లో పెట్టే పాత పద్ధతే మంచిది. నీళ్ళలో కొంచెం సబ్బు కలపండి, వారానికి రెండుసార్లు మార్చండి, లేకపోతే చీమల కోసం పెట్టిన గిన్నెలే డెంగీ దోమలకి పురిటిల్లవుతాయి. డెంగీ రోజుల్లో వీధిలోకి పొగమిషను వస్తుంది. అది రావడం అవసరమే. చప్పుడు వినగానే ఆ గది కిటికీలు మూసి, టబ్బు మూత మీద, అప్పుడు మాత్రమే, ఓ అరగంట తడిబట్ట వేసి తీసెయ్యండి. పొగ లోపలికి వచ్చిందని అనుమానం ఉంటే ఆ టబ్బుని వారం చూడండి, అందాకా రెండో టబ్బులోంచే పెట్టండి.

వానకి వీధి దీపాల కింద కీచురాళ్ళు కుప్పలుగా వాలతాయి, పొలం గట్ల మీద ఇంకా ఎక్కువ. పిల్లలు సీసాలో పట్టి "పిన్నీ, బంగారికి తెచ్చాం" అంటారు. ముద్దుగానే ఉంటుంది గానీ పెట్టొద్దు. ఖరీఫ్ వరి పొట్టకొచ్చే రోజులవి, కాండం తొలిచే పురుగుకీ దోమపోటుకీ మందు కొట్టే రోజులూ అవే. బయటి పురుగుల కడుపులో నులిపురుగులు కూడా ఉండొచ్చు.

కరెంటు పోతే కీచురాయికి నష్టం తక్కువ, బంగారికి ఎక్కువ. బియర్డెడ్ డ్రాగన్ తిన్నది అరగాలంటే అది ఎండకాగే రాయి దగ్గర 38 నుంచి 42 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడినిచ్చే కరెంటు దీపం ఆరితే కడుపులో పురుగులు అరక్క కుళ్ళుతాయి. అందుకని వాతావరణ శాఖ మన జిల్లాకి ఎర్ర హెచ్చరిక ఇచ్చిందంటే తీరం దాటడానికి ఒక రోజు ముందే కీచురాళ్ళు పెట్టడం ఆపెయ్యండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దది నాలుగైదు రోజులు తినకపోయినా ఏమీ కాదు, నీళ్ళు చుక్కలుగా ముక్కు మీద వేస్తే నాకుతుంది. ఆకలితో చూస్తోందని జాలిపడి పెట్టడమే అసలు ప్రమాదం. రాత్రి మరీ చల్లబడితే వేడినీళ్ళ సీసా తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టండి. ఎండ వచ్చాక చేతిలో పట్టుకుని కాసేపు బయట కూర్చోబెట్టండి, అద్దం వెనక కాదు. ఎముకకి కావలసిన కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు, పైగా అద్దాల పెట్టెని ఎండలో పెడితే పది నిమిషాల్లో పొయ్యి అవుతుంది. తినని కీచురాళ్ళని పెట్టెలో వదిలెయ్యొద్దు. చల్లబడి కదలలేని బల్లిని రాత్రి అవే కొరుకుతాయి.

కాల్షియం పొడి తేమకి గట్టిపడితే పురుగుకి అంటదు. గాలి చొరని డబ్బాలో ఉంచండి, పెట్టే ముందు చిన్న కవరులో వేసి కీచురాళ్ళని అందులో ఓసారి ఊపండి. కీచురాయి ఒంట్లో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. బల్లికి కావలసింది దానికి పూర్తిగా తలకిందులు.

బరంపురం ఇళ్ళల్లో ఇంకో సంగతి, పట్టుచీరలు. తప్పించుకున్న కీచురాయి పట్టు కొరుకుతుంది. మా వదిన పెళ్ళి పట్టు అంచులో పెసరగింజంత చిల్లు నేను చూశాను. చీరల పెట్టెలున్న గదికి టబ్బు దూరంగా ఉంచండి, టబ్బు లోపలి పైఅంచు చుట్టూ నున్నటి టేపు అంటించండి. రొయ్యలు పడని వాళ్ళకి కీచురాళ్ళ దుమ్ము కూడా పడకపోవచ్చు, ఊడ్చేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. బల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, వాటి గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు, ఐదేళ్ళలోపు పిల్లల చేతికి బల్లిని ఇవ్వకూడదు. కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి బల్లుల ఒంటి మీద మామూలుగానే ఉంటుంది. చట్టం జాబితాలో ఉన్న విదేశీ జీవి అయితే కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్లో నమోదు చేసిన కాగితాలు ఆధార్ కార్డులతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టండి. వరదకి కొట్టుకొచ్చిన ఉడుము పిల్లో నక్షత్ర తాబేలో కనిపిస్తే ఇంటికి తెచ్చుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, అటవీ శాఖకి చెప్పండి.

తుపాను వెళ్ళి కరెంటు వచ్చాక ఆత్రపడకండి. ఆ రోజంతా బల్లిని దీపం కింద కాగనివ్వండి. కీచురాళ్ళకి మునగాకు, క్యారెట్ పెట్టి ఒక రోజు వాటినీ కోలుకోనివ్వండి. మర్నాడు పొద్దున్న, బల్లి ఒళ్ళు వెచ్చబడి, రంగు తేలి, తల ఎత్తి చూస్తుంటే అప్పుడు రెండు కీచురాళ్ళు పెట్టండి, దాని రెండు కళ్ళ మధ్య ఎడం కన్నా చిన్నవి. అవి అరిగి రెట్ట వేశాక తరవాతివి.