జూన్ నుంచి దసరా దాకా: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంట్లో లెక్కలు ఎలా చెప్పాలి

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. మొదటి రెండు వారాలు పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫాం కుట్టించడం, కొత్త బ్యాగు కొనడంతోనే గడిచిపోతాయి. తర్వాత జూలైలో ఒక రోజు స్లిప్ టెస్ట్ కాగితం ఇంటికొస్తుంది, ఆ మార్కులు చూసి "పోయినేడాది దాకా బాగానే చేసేవాడు కదా, ఇప్పుడేమైంది" అని అమ్మానాన్నలకు టెన్షన్ మొదలవుతుంది. మా వీధి పిల్లలకు కొన్నేళ్లుగా సాయంత్రాలు లెక్కలు చెప్తున్నాను, ప్రతి ఏడాదీ ఈ మాట వింటూనే ఉన్నాను. చాలామంది పిల్లల విషయంలో తేడా అంతా జూన్, జూలై, ఆగస్టుల్లో చెప్పే మూడు నాలుగు పాఠాల దగ్గరే ఉంటుంది: సంఖ్యలు, రుణ సంఖ్యలు (మైనస్ సంఖ్యలు), భిన్నాలు, దశాంశాలు. తర్వాత వచ్చే బీజగణితం, శాతాలు, వడ్డీ లెక్కలు వీటి మీదే నిలబడతాయి కాబట్టి, ఇంట్లో రోజుకు ఓ ఇరవై నిమిషాలు కేటాయించగలిగితే అది ఇప్పుడే కేటాయించండి, ఫిబ్రవరిలో కాదు.

ముందు ఆరో తరగతి పిల్లల సంగతి. ఐదు దాకా చాలాచోట్ల ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెప్తారు, ఆరులో జిల్లా పరిషత్ హైస్కూల్‌కి వచ్చేసరికి సబ్జెక్టుకొక టీచర్, పీరియడ్ పీరియడ్‌కీ మనిషి మారిపోవడం, స్టేట్ సిలబస్‌లో హిందీ కూడా అప్పుడే మొదలు. దీనికి అలవాటు పడటానికే పిల్లలకు ఒక నెల పడుతుంది. ఆ నెలలో మార్కులు తగ్గితే తిట్టకండి, దయచేసి.

రెండో సంగతి భాష. మనలో చాలామంది తెలుగు మీడియంలో చదివాం, పిల్లలేమో ఇంగ్లిష్ మీడియం. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌తో పుస్తకాలు వచ్చాయి కాబట్టి అవి చేతిలో ఉంటే మీ పని సగం తేలికైనట్టే. లేకపోతే ఈ మాటలు ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి: ఫ్యాక్టర్ అంటే కారణాంకం, మల్టిపుల్ అంటే గుణిజం, ప్రైమ్ నంబర్ అంటే ప్రధాన సంఖ్య, ఎల్‌సీఎం అంటే మనం చదివిన క.సా.గు., హెచ్‌సీఎఫ్ అంటే గ.సా.భా., న్యూమరేటర్ లవం, డినామినేటర్ హారం. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. హోల్ నంబర్స్ అంటే పూర్ణాంకాలు, అంటే 0, 1, 2 అలా పైకి. ఇంటీజర్స్ అంటే పూర్ణ సంఖ్యలు, వీటిలో రుణ సంఖ్యలు కూడా ఉంటాయి. ఈ రెండు తెలుగు మాటలూ దగ్గరదగ్గరగా వినిపించడం వల్ల పెద్దవాళ్లే పొరపాటు చెప్పేస్తుంటారు, పిల్లలకు అక్కడ మొదలైన గందరగోళం పాఠం అయ్యేదాకా పోదు.

ఇక పాఠం మొదలుపెట్టే ముందు పాత బాకీలు చూడండి. ఏ తరగతి అయినా సరే, ఒక తెల్ల కాగితం మీద రెండు లెక్కలు ఇవ్వండి: 5003 నుంచి 1467 తీసివేయమనండి, 1224ని 12తో భాగించమనండి. మొదటి దానికి జవాబు 3536, సున్నాల మీదుగా అప్పు తెచ్చుకోవడం రాని పిల్లలు అక్కడే దొరికిపోతారు. రెండోదానికి జవాబు 102, చాలామంది 12 అని రాస్తారు, మధ్యలో సున్నా వేయాలని తెలియక. వీటిలో తప్పు వస్తే నాలుగైదు రోజులు ఇలాంటి లెక్కలే చేయించండి, కొత్త పాఠం కాస్త ఆగినా ఫర్వాలేదు. ఎక్కాలు కూడా చూడండి కానీ వరసగా అప్పజెప్పించుకుంటే ఏమీ తెలియదు, పాటలా వచ్చేస్తాయి. "ఏడెనిమిదులెంత, ఆరు తొమ్మిదులెంత" అని మధ్యలోంచి అడగండి.

ఆరో తరగతిలో మొదట వచ్చేది పెద్ద సంఖ్యలు చదవడం, రాయడం. మన పద్ధతిలో 5,23,08,407 అంటే ఐదు కోట్ల ఇరవై మూడు లక్షల ఎనిమిది వేల నాలుగు వందల ఏడు. అదే అంతర్జాతీయ పద్ధతిలో 52,308,407, యాభై రెండు మిలియన్ల మూడు వందల ఎనిమిది వేల నాలుగు వందల ఏడు. అంకెలన్నీ అవే, కామాలు మాత్రమే కదిలాయి. పది లక్షలు ఒక మిలియన్, కోటికి పది మిలియన్లు అని గుర్తుంటే చాలు. ఇది రెండు రోజుల పని.

కారణాంకాలు, గుణిజాల దగ్గర మాత్రం ఆగాలి. 12కి కారణాంకాలు రాయమంటే 12, 24, 36 రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నేను చింతగింజలతో చెప్తాను. పన్నెండు గింజలు ఇచ్చి సమానమైన వరసలుగా ఎన్ని రకాలుగా పేర్చగలవో చూడమంటాను: ఒక వరసలో 12, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి. అలా కుదిరిన అంకెలే కారణాంకాలు. గుణిజాలంటే ఆ సంఖ్య ఎక్కం. ఏడు గింజలు ఇస్తే ఒక్క వరసగా తప్ప పేర్చలేరు, ప్రధాన సంఖ్య అంటే ఏమిటో నిర్వచనం చెప్పకుండానే అర్థమైపోతుంది. ఒకటి ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా (రెండు కంటే ఎక్కువ కారణాంకాలున్నది) కాదు. పరీక్షల్లో ఇది తరచుగా అడుగుతారు.

క.సా.గు., గ.సా.భా. చేసే పద్ధతి పిల్లలకు త్వరగానే వస్తుంది, ఎప్పుడు ఏది చేయాలో తెలియదు, చిక్కంతా అదే. రెండు ఉదాహరణలు చాలు. స్టాండ్ నుంచి ఒక బస్సు 12 నిమిషాలకోసారి, ఇంకొకటి 18 నిమిషాలకోసారి బయల్దేరతాయి, ఆరింటికి రెండూ కలిసి వెళ్తే మళ్లీ ఎప్పుడు కలుస్తాయి? 6:36కి, అది క.సా.గు. 24 పెన్నులు, 36 పెన్సిళ్లు ఉన్నాయి, ఏదీ మిగలకుండా, అన్నీ ఒకేలా ఉండేట్టు ఎక్కువలో ఎక్కువ ఎన్ని పొట్లాలు కట్టగలం? 12, అది గ.సా.భా. మళ్లీ ఎప్పుడు కలుస్తాయి అంటే ఒకటి, ఎక్కువలో ఎక్కువ ఎన్నిటికి పంచగలం అంటే ఇంకొకటి.

ఇప్పుడు ఏడో తరగతి. పుస్తకాన్ని బట్టి రుణ సంఖ్యలు ఆరులోనే కొంచెం పరిచయం అవుతాయి, కూడికలు, తీసివేతలు, గుణకారాలు గట్టిగా వచ్చేది ఏడు మొదట్లోనే. ఇక్కడ ఇళ్లల్లో అందరం చేసే తప్పు ఒకటుంది: మొదటి రోజే "మైనస్ మైనస్ ప్లస్" అని చెప్పేయడం. దయచేసి చెప్పకండి. ఆ మాట విన్న పిల్లలు −3 − 5 చూడగానే రెండు మైనస్‌లున్నాయి కదా అని +8 రాసేస్తారు. ఒకసారి అలవాటైతే పదో తరగతి దాకా పోదు, ఇంటర్ పిల్లల కాగితాల్లో కూడా ఈ తప్పు చూశాను.

దాని బదులు అప్పుతో మొదలుపెట్టండి. రుణం అన్న మాటకే అప్పు అని అర్థం కదా, 628లోనే బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యల సూత్రాలను ధనం, ఋణం అనే మాటలతోనే రాశాడు. మన భాషలో ఈ సౌకర్యం ఉంది, పిల్లలు ఇంగ్లిష్ మీడియం అయినా సరే వాడుకోండి. కిరాణా కొట్టులో మూడు రూపాయలు అప్పుంది, ఇంకో ఐదు అప్పు చేశాం, మొత్తం ఎంత? ఎనిమిది అప్పు. కాబట్టి −3 − 5 = −8.

అప్పు తీసేయడం ఇలా చెప్పండి. చేతిలో 500 ఉన్నాయి, కొట్టు ఖాతాలో 300 అప్పుంది, అంటే నిజంగా మనదనుకోదగ్గది 200. కొట్టాయన మంచివాడు, "పోనీలే" అని ఆ అప్పు కొట్టేశాడు. ఇప్పుడు మనవి 500. 200 లోంచి −300 తీసేస్తే 500 వచ్చింది, 200 − (−300) = 500. అప్పు పోతే లాభమే కదా అని పిల్లలు వాళ్లంతట వాళ్లే అంటారు, అది వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టండి, మీరు ముందే అనేయకండి.

ఏది పెద్దది అనే ప్రశ్నకూ ఇదే దారి. −7, −3 ఇస్తే సగం మంది −7 పెద్దది అంటారు. ఏడు రూపాయల అప్పున్న మనిషి నయమా, మూడు రూపాయల అప్పున్న మనిషి నయమా అని అడగండి. తర్వాత నేల మీద సుద్దముక్కతో సంఖ్యా రేఖ గీసి పిల్లల్నే దాని మీద నడిపించండి, కుడికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది, ఎడమకి తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ పిల్లలైతే లిఫ్ట్‌లో సెల్లార్ బటన్లు −1, −2 అని ఉన్నచోట అదే చూపించండి.

గుణకారంలో రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎందుకో అప్పుతో చెప్పడం కష్టం, అక్కడ వరస రాయించండి. 3 × (−2) = −6, 2 × (−2) = −4, 1 × (−2) = −2, 0 × (−2) = 0. జవాబులు ప్రతిసారీ రెండు పెరుగుతున్నాయి. తర్వాతి వరసలో (−1) × (−2) ఎంతుండాలి? పిల్లలే 2 అంటారు. అప్పుడు చెప్పండి, గుర్తుల సూత్రం గుణకారానికి, భాగహారానికి మాత్రమే, పక్కపక్కన రెండు అప్పులుంటే అవి కలుస్తాయి తప్ప ధనం అయిపోవు అని.

భిన్నాలకు నాకిష్టమైన బడి కూరగాయల బజారు. పావు, అర, ముప్పావు మన ఇళ్లల్లో రోజూ వినపడే మాటలే, అరలో సగం పావు అని పిల్లలకు తెలుసు, 1/2 × 1/2 = 1/4 అని రాస్తే మాత్రం భయపడతారు. ఆ రెండూ ఒకటేనని కలపడమే మన పని. భాగహారం ఇంకా బాగా కుదురుతుంది. అర కేజీలో పావు కేజీలు ఎన్ని? రెండు. అంటే 1/2 ÷ 1/4 = 2. "భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేంటి" అని పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు అదే. దీని తర్వాతే తిరగేసి గుణించడం చెప్పండి.

కూడికలో 1/2 + 1/3 = 2/5 అని పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేస్తారు. కొట్టేసి సరైన జవాబు రాయడం వల్ల లాభం లేదు. రెండు చపాతీలు తీసుకుని ఒకదాంట్లో సగం, ఇంకోదాంట్లో మూడో వంతు కలిపి పెట్టి, "సగానికి ఇంకొంచెం కలిస్తే సగం కంటే తగ్గుతుందా" అని అడగండి. 2/5 సగం కంటే తక్కువ. తప్పు కంటికి కనపడ్డాక హారాలు సమానం చేయడం ఎందుకో అర్థమై 5/6 దాకా వస్తారు.

దశాంశాలకు కాటా చూపించండి. 0.250 అంటే పావు, 0.500 అంటే అర. 0.5 పెద్దదా 0.125 పెద్దదా అంటే, 125 పెద్ద అంకె కదా అని మోసపోతారు, రెండిటికీ సున్నాలు వేసి మూడు స్థానాలు చేయమనండి, 0.500, 0.125. గొడవ తీరిపోతుంది. 2.5 కేజీలకీ 2.05 కేజీలకీ తేడా కూడా కాటా మీదే చూపించండి.

ఎనిమిదో తరగతి వాళ్లకు మొదట అకరణీయ సంఖ్యలు (రేషనల్ నంబర్స్, అంటే భిన్నంగా రాయగలిగే సంఖ్యలు), తర్వాత ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు (ఒక్క x మాత్రమే ఉండే సమీకరణాలు). పేర్లే భయపెడతాయి. ఏడులో రుణ సంఖ్యలు, భిన్నాలు సరిగ్గా వచ్చి ఉంటే ఇవి పెద్ద పని కాదు, రాకపోతే పైన చెప్పినవన్నీ వీళ్లకూ చేయించండి, మొహమాటం వద్దు. సమీకరణాల్లో "అటు పంపితే గుర్తు మారుతుంది" అనే ముందు తక్కెడ గుర్తు చేయండి. 2x − 7 = 9 అంటే రెండు పళ్లేలూ సమానంగా ఉన్నాయి, రెండువైపులా 7 వేస్తే 2x = 16, సగం చేస్తే x = 8. జవాబు వచ్చాక దాన్ని లెక్కలో పెట్టి సరిచూసుకోవడం అలవాటు చేయండి, ఈ ఒక్క అలవాటు ఉన్న పిల్లలకు లెక్కల పరీక్షంటే భయం సగం పోతుంది.

ఎలా కూర్చోవాలంటే, రోజూ ఇరవై నిమిషాలు, భోజనానికి ముందు. ఫోన్ మీ చేతిలో కూడా ఉండకూడదు. అయిదారు లెక్కలు చాలు, గైడ్ పక్కన పెట్టేయండి. తప్పొస్తే వెంటనే దిద్దకుండా "ఎలా చేశావో చెప్పు" అనండి, చెప్తుండగానే సగం తప్పులు వాళ్లే పట్టుకుంటారు. ఒక పాత నోట్‌బుక్‌ని తప్పుల పుస్తకంగా పెట్టి, తప్పిన లెక్క, ఎందుకు తప్పిందో ఒక ముక్క రాయించండి. వారానికోసారి అందులోంచే లెక్కలు మళ్లీ ఇవ్వండి. అన్నతోనో పక్కింటి పాపతోనో పోల్చకండి, పోల్చిన రోజు నుంచి పిల్లలు తప్పులు దాచేస్తారు, దాచిన తప్పును మనం దిద్దలేం. ఎఫ్ఏ వన్ (ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ పరీక్ష) మార్కులు వచ్చాక ఒకసారి బడికి వెళ్లి టీచర్ని కలవండి, "మార్కులు ఎందుకు తగ్గాయి" అని కాకుండా "ఏ రకం లెక్కలో ఆగుతున్నాడు" అని అడిగితే మీకు పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

దసరా సెలవులకు ముందు రోజు ఈ ఐదూ ఇచ్చి చూడండి: 40,00,307 − 6,458; −3 − 5; −3 − (−5); 3/4 ÷ 1/8; 0.7, 0.65, 0.125లను చిన్నదాని నుంచి పెద్దదానికి రాయడం. ఆరో తరగతి వాళ్లకు మూడో లెక్క, నాలుగో లెక్క వదిలేయొచ్చు. జవాబులు వరసగా 39,93,849; −8; 2; 6; 0.125, 0.65, 0.7. ఏది తప్పితే సెలవుల్లో ఆ ఒక్కదాని మీదే కూర్చోండి, మిగతా రోజులు ఆడుకోనివ్వండి.