ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లు: ఫైళ్లు అందకపోతే ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో ఒక మామూలు డాబా ఇల్లు అనుకోండి. కింద హాల్లో డెస్క్‌టాప్, దానికో ప్రింటర్. మేడ మీద గదిలో ల్యాప్‌టాప్. ఆపరేటర్ బిగించి వెళ్లిన ఫైబర్ డబ్బా వీధి గుమ్మం పక్కన ఉంటుంది. పైకి సిగ్నల్ అందట్లేదని తర్వాత కొన్న ఇంకో రౌటర్ మెట్ల దగ్గర ఉంటుంది. నెట్ రెండు చోట్లా బ్రహ్మాండంగా వస్తుంది. పైనుంచి కింది కంప్యూటర్‌లో ఫోల్డర్ తెరుద్దామంటే మాత్రం అసలు కంప్యూటరే కనబడదు. ఇక పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు ఎక్కడం, దిగడం.

ఇలాంటప్పుడు చాలామంది చేతికి దొరికిన సెట్టింగల్లా మార్చేస్తారు. ఫైర్‌వాల్ (బయటి పిలుపుల్ని అడ్డుకునే కాపలా) ఆపేస్తారు, పాస్‌వర్డ్ తీసేస్తారు, వీడియోలో ఎవరో చెప్పిన టిక్కులన్నీ పెట్టేస్తారు. ఒకవేళ పనిచేసినా దేనివల్ల చేసిందో తెలియదు. అందుకే వరస తప్పకూడదు. ముందు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత ఒకదాని పిలుపు ఇంకోదానికి అందుతోందో లేదో చూడాలి. విండోస్ అనుమతుల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 గురించి.

1. రెండు కంప్యూటర్లలోనూ అడ్రస్ చూడండి

స్టార్ట్ నొక్కి సీఎండీ (cmd) అని ఇంగ్లిషులో కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని, మధ్యలో ఖాళీ లేకుండా, టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరసలో 192.168.1.7 లాంటి అంకెలు కనిపిస్తాయి. రెండు కంప్యూటర్ల అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి. మామూలు ఇంటి రౌటర్లలో మొదటి మూడు భాగాలు ఒకటే అయి, చివరిది మాత్రమే వేరుగా ఉండాలి.

అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి ఆ కంప్యూటర్‌కి అడ్రస్ అందలేదని అర్థం. విండోస్ తనంతట తానే ఒకటి పెట్టుకుంది. కేబుల్ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి, లేదా వైఫై తెగ్గొట్టి మళ్లీ కలపండి, రౌటర్ ఒకసారి ఆపి వెయ్యండి. చాలావరకు దానితో సరిపోతుంది.

మూడో భాగం తేడాగా ఉందా? కింద 192.168.1.7, పైన 192.168.0.104 అన్నట్టు? దోషం రెండో రౌటర్‌దే. మన ఇళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే. ఫైబర్ డబ్బా తనే ఒక రౌటర్. దాన్నుంచి తెచ్చిన కేబుల్‌ని రెండో రౌటర్‌లో వాన్ అని రాసి ఉన్న రంధ్రంలో గుచ్చితే, అది తన వెనక ఇంకో నెట్‌వర్క్ కట్టుకుంటుంది. ఇంటర్నెట్‌కి ఇబ్బంది ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తమాషా ఏమిటంటే, ఈ ఏర్పాటులో పైనుంచి కింది కంప్యూటర్ అడ్రస్ నేరుగా కొడితే ఒక్కోసారి తెరుచుకుంటుంది. కిందనుంచి పైకి మాత్రం పోదు. ఒకవైపే పనిచేస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి.

సరిచేయడానికి రెండో రౌటర్ సెట్టింగుల పేజీ తెరవాలి. దాని అడ్రసు, లాగిన్ వివరాలు సాధారణంగా అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ (రౌటర్ సొంత నెట్‌వర్క్ కట్టకుండా సిగ్నల్ మాత్రమే ఇచ్చే పద్ధతి) అని ఉంటే అది ఎంచుకుని సేవ్ చేస్తే పని అయిపోయినట్టే. ఆ మోడ్ లేని పాత రౌటరైతే చేత్తోనే చేయాలి. ముందు దాని లాన్ అడ్రస్‌ను (ఇంటి లోపల ఆ రౌటర్ సొంత అడ్రస్) మొదటి రౌటర్ వరసలోకి మార్చండి, ఉదాహరణకు 192.168.1.2. ఆ అంకె ఇంట్లో ఇంకే వస్తువుకీ వెళ్లకూడదు. మొదటి రౌటర్ పంచిపెట్టే అడ్రసుల పరిధిలో కూడా ఉండకూడదు. తర్వాత డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచిపెట్టే ఏర్పాటు) ఆపండి. ఆఖరున, వాన్‌లో ఉన్న కేబుల్ తీసి పక్కనున్న లాన్ రంధ్రాల్లో ఒకదానిలో పెట్టండి. ఈ మూడు పనులూ ఇదే వరసలో చేయాలి. డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే సెట్టింగుల పేజీ మళ్లీ తెరవడానికి తంటాలు పడాలి. కొత్త అడ్రస్ ఒక చీటీ మీద రాసి రౌటర్‌కే అంటించండి, మళ్లీ అవసరమైన రోజున ఎవరికీ గుర్తుండదు.

గెస్ట్ వైఫై సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. ల్యాప్‌టాప్ గెస్ట్ పేరుకి కలిసి ఉంటే ఇంట్లో మిగతా కంప్యూటర్లు కనపడవు, దాన్ని పెట్టిందే అందుకు. పై వాటాలో అద్దెకున్నవాళ్లకి వైఫై ఇస్తే గెస్టే ఇవ్వండి. మీ ల్యాప్‌టాప్ మాత్రం అసలు పేరుకి కలపండి.

2. పిలిచి చూడండి

అదే నల్ల కిటికీలో పింగ్ (ping) అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, ముందు రౌటర్ అడ్రస్ కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న వరసలో ఉన్నది అదే. జవాబులు వరసగా వస్తే మీ వైపు లైను బాగున్నట్టే. తర్వాత రెండో కంప్యూటర్ అడ్రస్‌కి పింగ్ కొట్టండి. జవాబు రాకపోతే కంగారు పడకండి. ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపుతుంది, కింది మెట్టులో అది సర్దుకోవచ్చు. అవతలి కంప్యూటర్ నిద్రపోయి కూడా ఉండొచ్చు. ఫైళ్లున్న డెస్క్‌టాప్‌కి పవర్ సెట్టింగుల్లో స్లీప్ నెవర్ అని పెట్టేయండి.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ (ఇంటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ఏర్పాటు) ఆపి చూడండి. అది ఆన్‌లో ఉంటే ఇంటి నెట్‌వర్క్‌ని పట్టించుకోకపోవచ్చు. ఆపినా కుదరకపోతే ఆఫీసువాళ్లు షేరింగ్ మూసేసి ఉంటారు, దానితో పోట్లాడొద్దు.

3. పబ్లిక్ కాదు, ప్రైవేట్

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, మీ వైఫై లేదా ఈథర్నెట్ ప్రాపర్టీస్ తెరవండి. ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్ చేయండి. రెండు కంప్యూటర్లలోనూ చేయాలి. రౌటర్ మార్చినా, వైఫై పేరు మార్చినా విండోస్ దాన్ని కొత్త చోటుగా లెక్కేసి మళ్లీ పబ్లిక్ పెట్టేస్తుంది. "నిన్నటిదాకా వచ్చిందండీ" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. విజయవాడ స్టేషన్‌లో ఫ్రీ వైఫైకి కలిసినప్పుడు మాత్రం పబ్లిక్‌గానే ఉండనివ్వండి.

తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండొచ్చు, ఉంటే అందులో కూడా ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మకమైనదిగా గుర్తించాలి. ఫైర్‌వాల్‌ని మొత్తంగా ఆపాల్సిన పని ఎక్కడా లేదు.

ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ నొక్కితే రెండో కంప్యూటర్ కనపడాలి. కనపడకపోయినా నేనైతే లెక్కచేయను. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో \\192.168.1.7 లాగా అవతలి కంప్యూటర్ అడ్రస్ కొట్టండి. ఫోల్డర్లు తెరుచుకుంటే షేరింగ్ బాగానే ఉంది, ఆ జాబితా ఒక్కటే మొరాయిస్తోంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ పెట్టుకుంటే ఇక జాబితాతో పని ఉండదు. జాబితాలో కూడా కనపడాలని పట్టుదలగా ఉంటే, కనపడాల్సిన కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అన్నదాన్ని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి.

చివర 70035 అంకెలున్న ఎర్రర్ వస్తే అవతలి కంప్యూటర్‌కి దారే దొరకలేదన్నమాట. అనుమతుల్లో వెతక్కుండా మళ్లీ మొదటి మెట్టు నుంచి రండి.

4. పాస్‌వర్డ్ అడుగుతోందంటే సగం గెలిచినట్టే

పాస్‌వర్డ్ అడిగిందంటే దారి దొరికిందనే. ఇక్కడ జనం ఇరుక్కునేది ఇంకో చోట. గుంటూరులో మిర్చి కమిషన్ వ్యాపారం చేసే ఒకాయన ఇంట్లో, లెక్కల ఫోల్డర్ కింది కంప్యూటర్‌లో ఉంది. మేనకోడలు పైనుంచి కేకేసింది.

"మామయ్యా, పాస్‌వర్డ్ అడుగుతోంది!"

"రోజూ నేను కొట్టే నాలుగంకెలే కొట్టమ్మా!"

"కొట్టాను, తప్పంటోంది."

ఆ నాలుగంకెలు పిన్. పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద పనికిరాదు. అసలు ఖాతా పాస్‌వర్డే కొట్టాలి, అదీ ఫైళ్లున్న కంప్యూటర్‌లోని ఖాతాది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లయితే యూజర్ పేరు దగ్గర ఈమెయిల్, కింద దాని పాస్‌వర్డ్. అసలు పాస్‌వర్డే పెట్టుకోని ఖాతాతో ప్రయత్నిస్తే విండోస్ నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు.

ఇంతకంటే సుఖమైన పద్ధతి ఒకటుంది. ఫైళ్లున్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ ఖాతా తెరిచి, దానికో గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. ఇంట్లో అందరికీ ఆ పేరే ఇవ్వండి. మొదటిసారి కొట్టేటప్పుడు రిమెంబర్ మై క్రెడెన్షియల్స్ దగ్గర టిక్ పెడితే మళ్లీ అడగదు. ఇదివరకు తప్పు పాస్‌వర్డ్ గుర్తుపెట్టేసుకుని ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ కంప్యూటర్ పేరున ఉన్నది తీసేయండి.

లోపలికి వెళ్లాక యాక్సెస్ డినైడ్ అంటే అప్పుడు ఫోల్డర్ అనుమతులు చూడాలి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్ ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్ ఒకటి ఉంటాయి. రెండు చోట్లా ఆ ఖాతాకి అనుమతి ఉండాలి. ఒకచోట పూర్తి అనుమతి ఇచ్చి, రెండో చోట చదవడానికి మాత్రమే ఇస్తే చదవడమే కుదురుతుంది. షేర్ చేసేది కూడా అవసరమైన ఒక్క ఫోల్డరే అయ్యుండాలి. సీ డ్రైవ్ మొత్తం షేర్ చేసిన ఇళ్లు చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

వీడియోల్లో తరచూ చెప్పే ఎస్ఎంబీ 1 (ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే పద్ధతిలో పాత వెర్షన్) ఆన్ చేయడం మాత్రం చేయొద్దు. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ఆ పాత పద్ధతిలోని లోపం పట్టుకునే ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త కంప్యూటర్లలో దాన్ని పెట్టడం మానేసింది. హోమ్‌గ్రూప్ (ఇంటి కంప్యూటర్లను కలిపే పాత విండోస్ సదుపాయం) పెట్టుకోమని చెప్పే వీడియోలు కూడా వదిలేయండి, అది 2018లోనే విండోస్ 10 నుంచి పోయింది.

రౌటర్‌కి తగిలించిన హార్డ్‌డిస్క్ 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ తర్వాత తెరుచుకోవడం మానేసిందా? ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని ఆ వెర్షన్ ఒప్పుకోదు. రౌటర్ సెట్టింగుల్లో ఆ డిస్క్‌కి యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేయండి. ఆ రౌటర్‌కి ఎస్ఎంబీ 1 తప్ప ఇంకేమీ రాదంటే డిస్క్ తీసి డెస్క్‌టాప్‌కి పెట్టి అక్కణ్ణుంచి షేర్ చేయడమే మంచిది.

5. కరెంటు పోయొచ్చాక, నెమ్మదిగా నడుస్తున్నప్పుడు

ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చాక మ్యాప్ చేసుకున్న డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడుతోందంటే, రౌటర్ మళ్లీ లేచి డెస్క్‌టాప్‌కి వేరే అడ్రస్ ఇచ్చి ఉంటుంది. రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అందులో డెస్క్‌టాప్‌కి ఒక అంకె ఖాయం చేసేయండి. ఫైబర్ డబ్బానీ రౌటర్‌నీ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టుకుంటే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

ఇక వేగం. చవక రౌటర్లలో లాన్ రంధ్రాలు సెకనుకి 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి. అంటే ఫైలు కాపీ అయ్యేటప్పుడు సెకనుకి 11, 12 మెగాబైట్లకు మించదు. 4 జీబీ పెళ్లి వీడియోకి దాదాపు ఆరు నిమిషాలు. రౌటర్ గిగాబిట్‌దే (సెకనుకి 1000 మెగాబిట్లు) అయినా ఇదే వేగం వస్తుంటే కేబుల్ చూడండి. లోపల ఎనిమిది తీగలుంటాయి. 100కి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఎలక కొరికో, తలుపు సందులో నలిగో మిగతా నాలుగింటిలో ఒక తీగ తెగితే నెట్ ఆగకపోవచ్చు, వేగం మాత్రం పడిపోతుంది. ఈథర్నెట్ ప్రాపర్టీస్‌లో లింక్ స్పీడ్ 100 అని చూపిస్తే క్యాట్ 5ఈ కేబుల్ ఒకటి మార్చి చూడండి. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫై మీద ఉంటే ఫైలు గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తుంది, వేగం సగానికి పడిపోతుంది. కనీసం డెస్క్‌టాప్‌ని కేబుల్‌తో కలపండి.

ప్రింటర్‌కి వైఫై ఉంటే దాన్ని డెస్క్‌టాప్ ద్వారా షేర్ చేయకుండా నేరుగా రౌటర్‌కే కలపండి. కింద కంప్యూటర్ ఆపేసి ఉన్నా పైనుంచి ప్రింట్ వెళ్తుంది.