బరువైన బండి నేర్చుకుందాం – 4వ పాఠం: పడే బండిని వదలడం, పడ్డ బండిని లేపడం

గత పాఠంలో క్లచ్‌ను సగంలో పట్టుకుని, వెనక బ్రేకు మీద కాలు ఆనించి, మనిషి నడిచేంత నెమ్మదిగా బండిని పోనివ్వడం నేర్చుకున్నాం. బరువైన బండ్లు ఎక్కువగా పడేది కూడా ఆ నడకలోనే. పెట్రోల్ బంకులో, ఇంటి గేటు ముందు, సంత దగ్గర ఇరుకులో. హైవే మీద ఎనభైలో పోయేటప్పుడు చక్రాల వేగమే బండిని నిలబెడుతుంది. ఆగబోయే క్షణంలో ఆ సాయం ఉండదు, బరువంతా మన కాళ్ల మీదికి వస్తుంది. స్ప్లెండర్ 112 కిలోల బండి కాబట్టి కాలితో ఆపుకోగలిగాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ట్యాంకు నిండుగా ఉంటే అందులో పది కిలోల దాకా పెట్రోలే, అదీ పైన ఉంటుంది.

పడేయడంలో మొదటి స్థానం ముందు బ్రేకుది. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే బండి ఆ పక్కకే కూలుతుంది. అందుకే ఆగేటప్పుడు హ్యాండిల్ తిన్నగా చేసుకోండి, ఆ తర్వాతే ముందు బ్రేకు. తిప్పుతూ ఉన్నంతసేపూ వెనక బ్రేకే వాడాలి.

ఇక మన రోడ్ల సంగతి. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ వైపు పోతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప తీసేశాక కూడా గింజలు మిగులుతాయి. టైరు వాటిని దాటినా, ఆగి కాలు పెట్టినప్పుడు చెప్పు సర్రున జారుతుంది. ఊరి దారుల్లో మొరం పోసిన అంచులదీ అదే వరస. కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే చూసుకుని, కాలు పెట్టే చోటు ఎంచుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం తారు మెత్తబడ్డ చోట సైడ్ స్టాండ్ మెల్లగా దిగబడుతుంది. దాని కింద చిన్న చెక్క ముక్కో చదునైన రాయో పెట్టే అలవాటు చేసుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా బండి ఒరిగిందనుకోండి. కొద్దిగా ఒరిగితే కాలితో ఆపవచ్చు. తొడ మీద బరువు పడి మోకాలు వంగిందంటే ఇక ఆగదు. అప్పుడు వదిలేయండి. హ్యాండిల్ వదిలి, కాలు బండి కింద ఇరుక్కోకుండా పక్కకు తప్పుకోండి. పదిమంది చూస్తున్నారన్న సిగ్గుతో చివరిదాకా పట్టుకుంటే నడుము పట్టేస్తుంది, మడమ మెలిపడుతుంది. లివరు విరిగితే షాపులో దొరుకుతుంది. నడుముకు స్పేర్ పార్టు లేదు. ఈ పాఠంలో ఇంకేది మరిచిపోయినా ఇది మరవకండి.

పడ్డాక ముందు ఇంజను ఆపండి. హ్యాండిల్ మీద ఇంజను ఆపే మీట (కిల్ స్విచ్) నొక్కి తాళం తిప్పండి. పాత కార్బొరేటర్ బుల్లెట్ అయితే పెట్రోల్ నాబ్ మూసేయండి, వాటిలో పెట్రోల్ త్వరగా కారుతుంది. మీకు దెబ్బ తగిలిందేమో చూసుకోండి. ఊపిరి కుదుటపడనివ్వండి. వెనక నుంచి బండ్లు వస్తుంటే ఎవరినైనా చెయ్యి ఊపుతూ నిలబడమనండి.

ఇప్పుడు లేపడం. చాలామంది బండికి ఎదురుగా వంగి, హ్యాండిల్ పట్టుకుని చేతులతో గుంజుతారు. బరువంతా నడుము మీద పడేది అక్కడే. మనం బండికి వీపు పెట్టి, కాళ్ల బలంతో లేపుదాం.

బండి కుడివైపుకు పడిందనుకుందాం. సైడ్ స్టాండ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఇప్పుడు అది పైనే ఉంది. ముందు దాన్ని బయటికి తీసి పెట్టండి. గేరు లివరూ పైనే ఉంది, మొదటి గేరులో వేయండి, చక్రం దొర్లదు. తర్వాత హ్యాండిల్‌ను పడ్డ వైపుకే పూర్తిగా తిప్పండి. కింద ఉన్న గ్రిప్పు ట్యాంకు దగ్గరికి వస్తుంది. సీటుకు వీపు తిప్పి, గొంతుకూర్చున్నట్టు కిందికి దిగి, పిరుదులు సీటు అంచుకు ఆనించండి. ఎడమ చేత్తో ఆ గ్రిప్పును, ముందు బ్రేకు లివరుతో కలిపి పట్టుకోండి. కుడి చేత్తో వెనక గ్రాబ్ రెయిల్‌నో (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ) ఫ్రేమునో పట్టుకోండి. సైలెన్సర్ ఆ పక్కనే కాలుతూ ఉంటుంది, చెయ్యి దానికి తగలనివ్వకండి. ఇండికేటర్లు, ప్లాస్టిక్ భాగాలు పట్టుకుంటే విరుగుతాయి.

చేతులు చాచి ఉంచండి, అవి పట్టుకోవడానికే. నడుము నిటారుగా, చూపు ముందుకు. పిరుదులతో సీటును వెనక్కి నెడుతూ, మడమలు నేలకు నొక్కి, వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయండి. మొదటి జానెడే కష్టం. సగం లేచాక బండి తేలికవుతుంది. అక్కడే ఎక్కువమంది ఉత్సాహంలో గట్టిగా తోసి అవతలి పక్కకు పడేస్తారు. నిలువుకు దగ్గర పడగానే తోపు తగ్గించి, మెల్లగా స్టాండ్ మీదికి ఒరగనివ్వండి.

ఎడమవైపు పడితే పద్ధతి ఇదే, చేతులు మారతాయి. కుడి చెయ్యి గ్రిప్పు మీద, ఎడమ చెయ్యి వెనక. ఈ పక్కన చేతికి వచ్చేది క్లచ్ లివరు. దాన్ని నొక్కకండి. నొక్కితే గేరు పట్టు వదిలి బండి దొర్లుతుంది. స్టాండ్ కింద ఉంటుంది కనుక ముందే తీయలేం. బండి నిలువుగా లేచాక తుంటితో ఆపుకుని, కాలితో స్టాండ్ దించాలి.

మన్ననూరు ఘాట్ లాంటి వాలులో చక్రాలు ఎగువకు, సీటు దిగువకు పడితే ఒంటరిగా ప్రయత్నించవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, బండిని నేల మీదే జరిపి తిప్పుకున్నాకే లేపండి. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు ఎక్కడైనా సరే సాయం అడగాలి.

లేచాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి. పెట్రోల్ వాసన పోయేదాకా ఆగండి. బ్రేకు, క్లచ్ లివర్లు వంగాయా, హ్యాండిల్ రెండు పక్కలా తిరుగుతోందా, కింద ఆయిల్ కారుతోందా చూడండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో, ముఖ్యంగా 2020 ఏప్రిల్‌లో తప్పనిసరైన బీఎస్6 కాలుష్య నిబంధనలకు తగ్గ మోడళ్లలో చాలావాటికి, పడగానే ఇంజను ఆపేసే సెన్సర్ ఉంటుంది. తాళం ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వేస్తే స్టార్ట్ అవుతుంది.

ఈ వారం సాధన: క్రాష్ గార్డు ఉన్న బండి, సగం కన్నా తక్కువ పెట్రోల్, చదునైన ఎర్రమట్టి చెలక, తోడుగా ఇద్దరు మనుషులు. కింద గడ్డి నింపిన గోనె సంచులు పరిచి, ముగ్గురూ కలిసి బండిని మెల్లగా పడుకోబెట్టండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. కుడివైపు రెండుసార్లు, ఎడమవైపు రెండుసార్లు లేపి ఆపేయండి. అలసిపోయాక చేసే సాధనలోనే నడుము పట్టేస్తుంది. రెండు పక్కలా సొంతంగా లేపగలిగిన వాళ్లు 5వ పాఠానికి రండి. అందులో ఇరుకు రోడ్డు మీద యూటర్న్ నేర్చుకుందాం.