శరీరంలో శక్తి లెక్కలు – 4వ పాఠం: జంట చర్యలు

ఏ చర్య ఎటు నడుస్తుందో డెల్టా జి (చర్యలో స్వేచ్ఛాశక్తి ఎంత మారిందో చెప్పే విలువ) గుర్తు చూసి చెప్పడం గత పాఠంలో నేర్చుకున్నాం. రుణాత్మకమైతే ముందుకు, ధనాత్మకమైతే వెనక్కి. కానీ మన కణాల్లో ధనాత్మకమైన చర్యలు కూడా రోజంతా ముందుకే నడుస్తున్నాయి. అదెలాగో ఈసారి లెక్క కట్టి చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

కణంలోకి వచ్చిన గ్లూకోజుకు ముందుగా ఒక ఫాస్ఫేటు తగలాలి. అప్పుడది గ్లూకోజ్-6-ఫాస్ఫేటు అవుతుంది. నేరుగా ఫాస్ఫేటుతో కలపబోతే ప్రామాణిక డెల్టా జి (పదార్థాలన్నీ 1 మోలార్ గాఢతలో ఉన్నాయనుకుని కట్టిన విలువ) మోలుకు +13.8 కిలోజౌళ్లు. దీన్నిబట్టి సమతాస్థితి స్థిరాంకం (చర్య నిలకడకు వచ్చాక ఏర్పడిన వాటి గాఢతకు, మొదటి పదార్థాల గాఢతల లబ్ధానికి ఉండే నిష్పత్తి) సుమారు 0.004. గ్లూకోజు 5 మిల్లీమోలార్, ఫాస్ఫేటు 5 మిల్లీమోలార్ ఉన్నాయనుకోండి. 0.004ను 0.005తో రెండుసార్లు గుణించండి. గ్లూకోజ్-6-ఫాస్ఫేటు 0.1 మైక్రోమోలార్ వస్తుంది. అంటే 50,000 గ్లూకోజు అణువులుంటే ఫాస్ఫేటు తగిలేది ఒక్కదానికి. దీంతో ఏ కణమూ బతకలేదు.

ఇప్పుడు రెండో చర్య. ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే, మూడు ఫాస్ఫేట్లున్న అణువు) నీటితో చర్య జరిపి ఏడీపీ (రెండు ఫాస్ఫేట్లు మిగిలిన రూపం), ఫాస్ఫేటుగా విడిపోతే −30.5 కిలోజౌళ్లు. రెండు చర్యల్నీ ఒకదాని కింద ఒకటి రాయండి. అటూ ఇటూ ఉన్న ఫాస్ఫేటును, నీటిని కొట్టేయండి. మిగిలేది: గ్లూకోజు + ఏటీపీ → గ్లూకోజ్-6-ఫాస్ఫేటు + ఏడీపీ. డెల్టా జి విలువల్ని కూడితే −16.7. స్థిరాంకం 0.004 నుంచి 800 దాటిపోయింది!

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు విషయం దీని తర్వాతే ఉంది. కాగితం మీద ఏ రెండు చర్యలనైనా కూడొచ్చు, కణంలో అలా కుదరదు. పక్క గదిలో పొయ్యి వెలుగుతోందని ఈ గదిలో బియ్యం ఉడకవు కదా. ఏటీపీ విడిగా నీటితో విచ్ఛిన్నమైతే వచ్చేది వేడి మాత్రమే, గ్లూకోజుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. హెక్సోకైనేజ్ అనే ఎంజైము గ్లూకోజును, ఏటీపీని ఒకే చోట పట్టుకుని, ఫాస్ఫేటును నీటికి చిక్కనివ్వకుండా నేరుగా గ్లూకోజు మీదికి మారుస్తుంది. ఆ చేతి మార్పు ఉంటేనే మన కూడికకు అర్థం. ఎంజైము డెల్టా జిని మార్చదు, దారి మాత్రం చూపిస్తుంది.

ఇంకో మాట. ఏటీపీలో 'అధిక శక్తి బంధం' తెగితే శక్తి పుడుతుందని కొందరు బట్టీ పట్టేస్తారు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చు చేయాల్సిందే. పక్కపక్కన ఇరుక్కున్న రుణావేశాలు విడిపోయి, ఏర్పడిన ఏడీపీ, ఫాస్ఫేటు మరింత స్థిరంగా ఉండటం వల్లే మొత్తం మీద లెక్క రుణాత్మకంగా తేలుతుంది.

అభ్యాసానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అణువునే తీసుకుందాం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరాల్లో ఫాస్ఫేటు నిల్వగా ఉండే క్రియాటిన్ ఫాస్ఫేటును, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. క్రియాటిన్ ఫాస్ఫేటు నీటితో విచ్ఛిన్నమైతే −43.0 కిలోజౌళ్లు. దాని ఫాస్ఫేటును క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము ఏడీపీకి అందిస్తే నికర డెల్టా జి ఎంత? కొట్టేయాల్సినవి ఏవి?

లెక్క తేలాక ఇదీ ఆలోచించండి: కండరం విశ్రాంతిలో ఉన్నప్పుడు ఇదే చర్య వెనక్కి నడిచి క్రియాటిన్ ఫాస్ఫేటు మళ్లీ నిండుతుంది. మీకొచ్చిన ప్రామాణిక విలువ రుణాత్మకమే. అయినా అదెలా కుదిరింది? గాఢతల వైపు చూడండి. వచ్చే పాఠం వాటి గురించే.