పురిటి ఖర్చుల బెంగా? ముందు ఆశా కార్యకర్తను కలవండి

నెల తప్పిందని తెలియగానే ఇంట్లో సంతోషంతో పాటు లెక్కలూ మొదలవుతాయి. స్కానింగులు, మందులు, కాన్పు, ఆపై పసిబిడ్డ ఖర్చులు. అప్పు ఎక్కడ పుడుతుందా అని వెతుకుతారు గానీ, డబ్బు ఇబ్బంది ఆశా కార్యకర్తకు చెప్పుకోవడం నామోషీ అనుకుంటారు. ఆమెకు చెప్పండి. ఏ పథకానికి ఏ కాగితం కావాలో ఆమెకు బాగా తెలుసు.

మొదటి పని పేరు నమోదు. ఏఎన్‌ఎం (ఆరోగ్య ఉపకేంద్రం నర్సు) ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో చివరి నెలసరి తేదీ రాస్తారు. అది సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి, ఎందుకంటే గర్భిణులకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం మాతృ వందన యోజన గడువు దాని నుంచే లెక్క. ఆ తేదీ నుంచి ఆరు నెలల్లోపు నమోదై, ఒక్కసారైనా పరీక్ష చేయించుకుంటే తొలి కాన్పుకు 3,000 రూపాయలు వస్తాయి. బిడ్డ జననం నమోదై, పద్నాలుగు వారాల వరకు వేయాల్సిన టీకాలు పూర్తయ్యాక మరో 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. పేదలకిచ్చే రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు వంటివాటిలో ఏదో ఒకటి చూపించాలి.

తరువాత బ్యాంకు. చాలామందికి చిక్కు వచ్చేది ఇక్కడే. డబ్బు తల్లి ఖాతాలోనే పడుతుంది, అదీ ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాలో. పెళ్లికి ముందు ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడితే, రాలేదనుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. బ్యాంకుకు వెళ్లి ఏ ఖాతా అనుసంధానమై ఉందో ముందే అడగండి. ఆధార్‌లో పుట్టింటి పేరు, ఖాతాలో అత్తింటి పేరు ఉంటే అదీ సరిచేయించుకోండి.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు మాతా శిశు సంరక్షణ కార్డు అత్తవారింటి బీరువాలోనే ఉండిపోతుంది! చీరల కన్నా ముందు దాన్ని సంచిలో పెట్టుకోండి. అక్కడి ఏఎన్‌ఎంకు చూపించండి.

ఈఎస్‌ఐ కార్డున్న ఉద్యోగినులు ప్రసూతి సెలవు వేతనం సంగతి కూడా కనుక్కోవాలి.

ఇక ఆసుపత్రి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, అన్నీ ఉచితమే. మామూలు కాన్పయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు భోజనం కూడా పెట్టాలి. మందులు బయట కొనుక్కోమని చీటీ రాసిస్తే సూపరింటెండెంట్‌ను అడగండి. గొడవ పడనక్కర్లేదు, చీటీ చూపిస్తే చాలు.

జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డలను ఇంటికి చేర్చడానికి 102 వాహనం ఉంది. డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడే దాని సంగతి అడగండి, బయట ఆటో మాట్లాడుకున్నాక కాదు.