శిష్మరెఫ్ వెళ్ళాలంటే టికెట్ కంటే ముందు చేస్కోవాల్సిన పనులు

మనవాళ్ళు అలాస్కా అనగానే ఫెయిర్‌బ్యాంక్స్‌లో అరోరా చూడ్డం, క్రూజ్ ఎక్కి హిమానీనదాలు చూడ్డం, ఆ రెండే అనుకుంటారు. అవి బాగుంటాయి, కాదనను. కానీ మ్యాప్‌లో పడమర చివర రష్యా వైపు ముక్కులా పొడుచుకొచ్చిన నేల ఒకటుంటుంది, సీవర్డ్ ద్వీపకల్పం అంటారు, దాని ఉత్తరపు ఒడ్డు దగ్గర సముద్రంలో సన్నగా ఇసక తిన్నెలాంటి దీవి ఉంది, పొడుగు 3 మైళ్ళు, వెడల్పు పావు మైలు. ఆ దీవి మీద ఊరే శిష్మరెఫ్. 2020 లెక్కల్లో 576 మంది, దాదాపు అందరూ ఇనుపియాట్ వాళ్ళే, అంటే అక్కడి మూలవాసులు. నేను ఒక జూన్‌లో వెళ్ళొచ్చాను, అప్పట్నుంచి ఎలా వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకే ఒకేసారి రాసి పెడ్తున్నా.

అన్నిటికంటే ముందు పని, అడగడం. టికెట్ బుక్ చేస్కున్నాక కాదు, ముందే. ఊళ్ళో ట్రైబల్ ఆఫీస్ ఉంటుంది, సిటీ ఆఫీస్ ఉంటుంది, ఫోన్ చేసి ఎవరు, ఎందుకు వస్తున్నారు, ఎన్నాళ్ళుంటారు అని చెప్పండి. హోటల్ లాంటిది ఆశించకండి. ఇలాంటి ఊళ్ళల్లో బయటివాళ్ళు చాలాసార్లు పర్మిషన్ తీస్కుని స్కూల్ గదిలో స్లీపింగ్ బ్యాగ్ వేస్కుని పడుకుంటారు, నేనూ అలాగే పడుకున్నా. అడగడం గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే దాని వెనక ఒక కథ ఉంది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఆ తీరం మీదకి వచ్చినప్పుడు దక్షిణాన బ్రెవిగ్ మిషన్ అనే ఊళ్ళో 5 రోజుల్లో 80 మంది పెద్దవాళ్ళలో 72 మంది పోయారు, వేల్స్ అనే ఊరు కూడా సగం ఖాళీ అయినంత పనైంది. శిష్మరెఫ్ వాళ్ళు మాత్రం తుపాకులతో కాపలా పెట్టి బయటివాళ్ళని ఎవర్నీ రానివ్వలేదు, ఊరు దక్కింది. ఇవాళ ఆ ఊళ్ళో ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తే నాకు ఆ కాపలానే గుర్తొస్తుంది. గుమ్మం దగ్గర ఆగి అడిగి లోపలికెళ్ళడం అక్కడ మర్యాద ఒక్కటే కాదు, ఆ ఊరు బతికిన పద్ధతి.

ఇక వెళ్ళడం. రోడ్డు లేదు. యాంకరేజ్ నుంచి నోమ్‌కి జెట్ ఉంటుంది, నోమ్ నుంచి ఉత్తరంగా 126 మైళ్ళు చిన్న విమానం. సామానుతో పాటు మిమ్మల్ని కూడా బరువు అడుగుతారు, సిగ్గుపడకుండా సరైన నంబరు చెప్పండి, పైలట్ లెక్క దాని మీదే. పొగమంచు పట్టిందంటే విమానం కదలదు, నేను నోమ్‌లో రెండు రోజులు కూర్చున్నా, కాబట్టి అటు రెండు రోజులు ఇటు రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి, సోమవారం పొద్దున ఆఫీస్‌లో మీటింగ్ పెట్కుని ఆదివారం రిటర్న్ పెట్టుకోవద్దు దయచేసి.

బట్టలు సంగతి. ఎండాకాలం అంటే 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్, చలికాలం అయితే మైనస్ 17 నుంచి మైనస్ 24 మామూలు, దాని మీద గాలి. జూన్‌లో కూడా లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన గాలి చొరబడని జాకెట్, ఈ మూడూ కావాలి, కాటన్ వద్దు, తడిస్తే ఆరదు. జూన్‌లో సూర్యుడు దాదాపు అస్తమించడు, కళ్ళకి కట్టుకోడానికి గుడ్డ పట్టుకెళ్ళండి, లేకపోతే నిద్ర పట్టదు.

తిండి మీరే తీస్కెళ్ళాలి. ఊళ్ళో కొట్లున్నాయి కానీ సరుకంతా విమానంలో, ఎండాకాలం బార్జ్ మీద రావాలి, అందుకే ధరలు చూస్తే గుండె గుభేలుమంటుంది. శాకాహారులైతే ఇంకా జాగ్రత్త, బియ్యం, కందిపప్పు, అటుకులు, ఉప్మా రవ్వ, ఆవకాయ చిన్న సీసా, వీటితో వారం గడిచిపోతుంది. ఎవరింటికైనా వెళ్తే ఏం తీస్కెళ్ళాలి అని అడుగుతారు కదా, పళ్ళు. తాజా ద్రాక్ష, నారింజ, యాపిల్. నేను తీస్కెళ్ళిన నారింజపళ్ళు బల్ల మీద పెట్టగానే పిల్లలు వాసన చూస్తూ నిలబడ్డారు. మద్యం మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, ఆ ఊళ్ళో మద్యం అమ్మడం, తేవడం, దగ్గర ఉంచుకోడం అన్నీ నిషేధం.

నీళ్ళ గురించి తెలిసి వెళ్ళండి. చాలా ఇళ్ళకి కుళాయి లేదు. వానాకాలం వాన నీళ్ళు పట్టుకుంటారు, చలికాలం ఐసు ముక్కలు తెచ్చి కరిగిస్తారు, స్నానానికి బట్టలకి వాషెటేరియా అని ఊరందరికీ ఒక చోటు. మరుగుదొడ్డికి బదులు బకెట్, దాన్ని హనీ బకెట్ అంటారు. మన ఊళ్ళల్లో ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టిన రోజులు చూసినవాళ్ళకి ఇది వింతేం కాదు, వాళ్ళింట్లో నీళ్ళు ఎలా వాడాలో కూడా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. వెళ్తే మే నెలాఖరు, జూన్‌లో వెళ్ళండి, అప్పుడు ఉగ్రుక్ సీజన్. ఉగ్రుక్ అంటే గడ్డం సీల్ అనే సముద్ర జంతువు, పెద్దది, మంచు పలకలు విడిపోతున్నప్పుడు పడవల్లో వెళ్ళి వేటాడతారు. ఒడ్డుకి తెచ్చాక అసలు పని ఆడవాళ్ళది. నేను ఒక పెద్దావిడ పక్కన కూర్చుని చూశాను. చేతిలో ఉలు, అర్ధచంద్రాకారం బ్లేడు, పైన పిడి, పిడికిట్లో పట్టుకుని మణికట్టుతో ఊపుతూ తోలు నుంచి కొవ్వుని వేరు చేస్తోంది, తోలు తెగదు, కొవ్వు మిగలదు, రెండు వేళ్ళ మందం తెల్లటి పలక దుప్పటి మడతలా ఒరిగిపోతోంది. మాంసాన్ని పల్చటి పట్టీలుగా కోసి కర్ర దండెల మీద ఆరేస్తారు, గాలికి నల్లబడి గట్టిపడుతుంది, అదే బ్లాక్ మీట్. కొవ్వుని ముక్కలు చేసి బకెట్‌లో వేసి చల్లటి చోట పెట్టి మధ్యమధ్యలో కలుపుతూ ఉంటారు, పొయ్యి లేదు, మంట లేదు, రోజులు గడిచేకొద్దీ దానంతట అదే కరిగి లేత రంగు నూనె అవుతుంది. బ్లాక్ మీట్ ఆ నూనెలోనే నిలవ. మనకి అన్నంలో నెయ్యి ఎలాగో వాళ్ళకి సీల్ నూనె అలాగ, ఎండు చేప ముంచుకుంటారు, ఆకుకూర అందులోనే నిలవ పెడ్తారు.

చూసొచ్చి మీ ఇంట్లో ప్రయత్నించకండి. గాలి తగలకుండా బిగించిన ప్లాస్టిక్ డబ్బాల్లో వెచ్చగా ఉంచితే బోటులిజం, అంటే తిండి విషమై నరాలు చచ్చుబడే జబ్బు వస్తుంది, ప్రాణం తీస్తుంది, అలాస్కాలో అలాంటి కేసులు జరిగాయి. ఎంత చల్లగా ఉండాలి, మూత ఎంత వదులుగా ఉండాలి అన్నది ఆ పెద్దావిడ చేతికి తెలుసు, యూట్యూబ్‌కి తెలీదు. వేట కూడా అంతే, 1972 నాటి అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం సీల్, వాల్రస్ వేట తీరంలో ఉండే అలాస్కా మూలవాసులకి మాత్రమే.

తినమని పెడితే? తినేవాళ్ళైతే కొంచెం తీస్కోండి. తినకపోతే నవ్వుతూ, మా ఇంట్లో మాంసం తినం అని మామూలుగా చెప్పండి, ముక్కు మాత్రం ముడవకండి. ఇది సరదాకి చెప్పట్లేదు, అక్కడ ముక్కు ముడిస్తే "కాదు" అని అర్థం, కనుబొమ్మలు పైకెత్తితే "అవును". మొదటి రోజు నేను ఒక కుర్రాణ్ణి పోస్టాఫీస్ ఇటేనా అని మూడుసార్లు అడిగాను, వాడు మూడుసార్లూ కనుబొమ్మలెత్తాడు, నేను జవాబు చెప్పట్లేదనుకున్నా. మనం తల అడ్డంగా ఊపి అవునంటాం కదా, అది వాళ్ళకి అర్థం కాదు, నోటితో చెప్పండి.

చరిత్ర ముందే కొంచెం చదువుకుని వెళ్ళండి, కానీ పేరు దగ్గరే ఆగిపోవద్దు. 1816లో రష్యా నౌక కెప్టెన్ కొట్జెబూ ఇటొచ్చి తన లెఫ్టినెంట్ శిష్మరేవ్ పేరు అక్కడి నీటిపాయకి పెట్టాడు, తర్వాత బంగారం గనుల రోజుల్లో, 1900 ప్రాంతంలో, ఇది సరుకుల కేంద్రం అయ్యి ఊరికీ అదే పేరు పడింది. అంతకు ముందు నుంచీ వాళ్ళ పేరు కిగిక్తక్, అంటే దీవి. అలాస్కా స్కూళ్ళల్లో వాళ్ళ భాష ఇనుపియాక్ మాట్లాడితే పిల్లల్ని కొట్టిన రోజులున్నాయి, అందుకని పెద్దవాళ్ళు వాళ్ళ భాషలో ఒక్క మాట చెప్పినా శ్రద్ధగా వినండి, "కుయానా" అనండి, థాంక్స్ అని. కుక్కల బండి పందేలు ఇష్టమైతే హెర్బీ నయోక్‌పుక్ గురించి అడగండి, 1980 ఇడిటరాడ్ పందెంలో రెండో స్థానం, శిష్మరెఫ్ ఫిరంగిగుండు అని పేరు.

సముద్రం కోత గురించి మీరు అడగక్కర్లేదు, ఒడ్డుకెళ్తే కనిపిస్తుంది. ఒకప్పుడు శరదృతువుకల్లా సముద్రం గడ్డకట్టి అలల్ని ఆపేది, ఇప్పుడు ఐసు ఆలస్యంగా పడుతోంది, కింద ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల మెత్తబడుతోంది, తుఫాను వస్తే ఒడ్డు ముక్కలుగా ఊడిపోతుంది. 1997 అక్టోబర్ తుఫాను తర్వాత ఇళ్ళనే లాగి దీవిలో వేరే చోటికి మార్చారు. 2016లో వేరే చోటికి వెళ్ళాలా అని ఓటు పెడితే 89 మంది వెళ్దాం, 78 మంది ఉందాం అన్నారు. ఆ రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. తరలించడానికి సుమారు 18 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా, అంత డబ్బు ఎవరూ ఇవ్వలేదు, ఊరు ఇంకా అక్కడే ఉంది, రాళ్ళ గోడ కట్టుకుని. ఒరిగిన ఇల్లు ముందు సెల్ఫీ దిగొద్దు. "మునిగిపోతున్న ఊరు కదా" అని మాట మొదలుపెట్టొద్దు, అది వాళ్ళిల్లు. ఏ ఫోటో అయినా అడిగి తియ్యండి, మాంసం దండెలవి అయినా సరే.

ఏదైనా కొనాలంటే చెక్కిన బొమ్మలు కొనండి, తిమింగలం ఎముక, వాల్రస్ దంతం మీద పని శిష్మరెఫ్ వాళ్ళకి పెట్టింది పేరు, చెక్కినవాళ్ళ చేతికే డబ్బివ్వండి, బేరం ఆడకండి. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో మనవాళ్ళు ఎక్కువ కదా, ఆ రాష్ట్రాల్లో వాల్రస్ దంతం అమ్మకం మీద నిషేధం ఉంది, ఇండియాకి తీస్కెళ్ళడం ఇంకా పెద్ద తలనొప్పి, కాబట్టి రూల్స్ చూస్కోండి, అనుమానం ఉంటే చర్మంతో కుట్టిన చిన్న వస్తువులకి కూడా కాగితాలేం కావాలో ముందే అడగండి.

తిరిగొచ్చాక ఒక పని ఉంది, చాలామంది మర్చిపోతారు. ఎవరి ఫోటోలు తీశారో వాళ్ళకి ప్రింట్లు తీయించి పోస్టులో పంపండి. వాట్సాప్ కాదు, కాగితం మీద. పోస్టాఫీస్ 1901 నుంచి ఉంది, కొంచెం ఆలస్యమైనా చేరుతుంది. నేను ఆ పెద్దావిడ ఫోటో ఉలు పట్టుకున్న చెయ్యి దగ్గరగా కనిపించేది, పెద్ద సైజు వేయించి పంపాను.